మూత తాకితే చాలా?

చదివేవాళ్లు ముందుగా నన్ను క్షమించాలి. నా రాతలో తప్పులుంటాయి. ఒకే అక్షరం రెండుసార్లు పడితే ఒకటి వదిలేసి చదువుకోండి, పడాల్సినచోట పడకపోతే మీరే వేసుకోండి. అక్షరాలు నేను మా ఆయన పోయాక, జుట్టు నెరిశాక నేర్చుకున్నాను. నేర్పింది నా మనవరాలు మెల్డా. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, మిరియాలు ఆరబోసిన చాప పక్కన నన్ను కూర్చోబెట్టి, కోళ్లను అదిలిస్తూ నేర్పింది. ఇప్పటికీ ఒక మాట రాసి, దాన్ని పైకి చదువుకుని, అది నేను అనుకున్న మాటే అని తేలాకే రెండో మాటకు వెళ్తాను. ఆ సందులో బుర్ర ఎటో పోతుంది. పోయినచోటు నుంచి తిరిగి వస్తాను, మీరు కాస్త ఆగండి.

బెంచీ ఇనుపది, ఒళ్లంతా చిన్న చిన్న చిల్లులు, ఆ చిల్లుల్లోంచి చల్లదనం లుంగీ గుండా ఎక్కుతోంది. యూనివర్సిటీలో పిల్లల బాగోగులు చూసే ఆఫీసు బయట, పొడుగాటి వరండాలో కూర్చున్నాను. ఎదురుగా మూసిన తలుపు. లోపల మెల్డా, ఆ ఆఫీసు చూసే బోంగ్ సారు. మాటలు వినిపిస్తున్నాయి కానీ ఏ మాటా విడిగా తెలియడం లేదు, గోడ అవతల ఎవరో బియ్యం చెరుగుతున్నట్టుంది. నా కాళ్ల దగ్గర మెల్డా నల్ల సంచి, బట్టలన్నీ కుక్కి జిప్పు సగమే పట్టిన సంచి. పొద్దున హాస్టల్ మెట్ల మీద దాన్ని నా చేతికిచ్చి, "ఇనీ, నేనూ నీతో బస్సెక్కేస్తా. ఆఫీసులో ఆ ముక్క చెప్పేసి వస్తా," అంది. ఇనీ అంటే నానమ్మ. నేను సరే అనలేదు, వద్దనలేదు. దాని అమ్మానాన్న బింతులులో ప్లైవుడ్ ఫ్యాక్టరీలో ఉన్నారు, వాళ్లకు సెలవు దొరకదు, అందుకని సారు ఫోను నాకే వచ్చింది. ఇది ఉంటుందో వచ్చేస్తుందో ఆ తలుపు తెరుచుకుంటే తేలుతుంది. మా పొడుగింట్లో ఇంత చదువుదాకా వచ్చిన ఆడపిల్ల ఇదొక్కతే. అది సంచి జిప్పు లాగుతుంటే నాకు ఒక ఇల్లు విప్పుతున్నట్టు అనిపించింది, పలకలు ఊడదీస్తున్న చప్పుడు. బెంచీకి ఆ చివర ఇంకో పిల్ల కూర్చుంది. తెల్లటి తలగుడ్డ, ఒళ్లో చేతులు. ఆ పిల్లే హజ్వానీ. మెల్డా గదిలో ఉండే పిల్ల, ఈ తగువులో రెండో మనిషి.

గోడ మీద పెద్ద బొమ్మ ఉంది. రకరకాల బట్టలు కట్టుకున్న కుర్రాళ్లు, అమ్మాయిలు భుజాల మీద చేతులు వేసుకుని నవ్వుతున్నారు. కింద పెద్ద అక్షరాలు. నేను మొదటినుంచి మొదలుపెట్టాను. వే, ర్, వే, రు. వేర్వేరు. తర్వాతి మాట దగ్గర కళ్లద్దాలు సరిచేసుకుని, వేర్వేరు మనం, ఒకే గూడు, అని చదివాను. చదివాక కొంచెం సంతోషం కలిగింది, చదవగలిగినందుకు. ఇక్కడొక పద్ధతి పెట్టారు. సముద్రం అవతలి నుంచి, మలయా ద్వీపకల్పం నుంచి వచ్చిన పిల్లల్నీ ఇవతల ఒడ్డు మా సారవాక్ పిల్లల్నీ కావాలని ఒకే గదిలో కలిపి ఉంచుతారు. కలిసి తిని కలిసి పడుకుంటే ఒకరి సంగతి ఒకరికి తెలుస్తుందని. మంచి పద్ధతే. మేం పుట్టినప్పటి నుంచీ అలాగే ఉన్నాం, పొడుగింట్లో ఒకే కప్పు కింద వరసగా వాటాలు, మధ్య గోడలో కిటికీ అంత కంత, దాంట్లోంచి నిప్పు అడుగుతాం, ఉప్పు అడుగుతాం, మొగుడి మీద చాడీలు చెబుతాం. పొద్దున మెల్డా హాస్టల్ చూశాను. వరసగా తలుపులే, అచ్చం మా ఇల్లే అనుకున్నాను. కానీ తలుపుల ముందు కూర్చోడానికి వసారా లేదు. మా దగ్గర ఏ కోపం వచ్చినా సాయంత్రానికి వసారాలోకి రాక తప్పదు, అక్కడ చాప వేసి ఉంటుంది, ఎదుటి మనిషి అప్పటికే దాని మీద కూర్చుని వక్క కత్తిరిస్తూ ఉంటుంది, చూడనట్టు ఎంతసేపుంటాం. ఇక్కడ తలుపు వేసుకుంటే అంతే, లోపలి కోపం లోపలే ఉడుకుతుంది.

జరిగింది ఇది. ఆదివారం మెల్డా బజారులో మా చుట్టాల గదికి వెళ్లింది. ఊరి నుంచి ఎవరో అడవిపంది మాంసం పంపితే అందరూ కలిసి వండుకుని తిన్నారు. సాయంత్రానికి హాస్టల్‌కి వచ్చింది, సబ్బుతో చేతులు కడుక్కుంది, కడుక్కున్నానని నాకు ఫోన్లో ఒట్టేసి చెప్పింది. గదిలో హజ్వానీ తన డబ్బా తెరుచుకుని అన్నంలోకి వేసుకుంటోంది. వాళ్లమ్మ సముద్రం అవతల కెలాంతాన్ నుంచి పంపింది, గొడ్డుమాంసం పీచులు పీచులుగా విడదీసి కొబ్బరితో, మసాలాతో పొద్దస్తమానం పొయ్యి దగ్గర నిలబడి వేయించింది. "తినవే మెల్డా, కొంచెం వేసుకో," అని డబ్బా ముందుకు జరిపింది. మెల్డాకు కడుపు నిండి ఉంది. "వద్దే," అంది. అని, మేం నేర్పినట్టే, డబ్బాలో వేలు పెట్టి ఆ పీచును తాకి, వేలు తన మెడకు తాకించుకుంది. హజ్వానీకి అదేమిటో తెలియదు, వింతగా చూసి ఊరుకుంది. అంతలో గదిలోని మూడో పిల్ల, "ఇవాళ ఎక్కడికెళ్లావ్, ఏం తిన్నావ్?" అని అడిగింది. మెల్డా అబద్ధం చెప్పదు. అడవిపంది అని చెప్పింది. హజ్వానీ అన్నం ముద్ద నోటి దగ్గరే ఆగిపోయిందట. తర్వాత డబ్బా అంతా చెత్తబుట్టలో బోర్లించి, డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఆ వాసన గదిలో రెండు రోజులు పోలేదని మెల్డా చెప్పింది. మంచి వాసన అని కూడా చెప్పింది.

మా వాళ్లలో ఎవరైనా ఏదైనా తినమని పెడితే, తినకపోయినా సరే తాకాలి. తాకకుండా దాటి వెళ్తే పుని అనే కీడు తగులుతుంది. పాము కరుస్తుంది, కత్తి జారి కాలి మీద పడుతుంది, పడవ తిరగబడుతుంది, మొసలి లాగుతుంది. పెట్టినవాళ్లకు ఏమీ కాదు, వద్దన్నవాళ్లకే. మా వైపు మలయ్ ముస్లింలకూ ఈ సంగతి తెలుసు, చైనా కొట్లవాళ్లకూ తెలుసు, లారీ డ్రైవర్లు కూడా టీ వద్దంటే గ్లాసును వేలితో తట్టి బండెక్కుతారు. సముద్రం అవతలివాళ్లకు తెలియదు. తెలియకపోవడం తప్పా అంటే ఏం చెప్పను, వాళ్ల పిల్ల మా దగ్గర ఏం తినదో నాకు తెలుసు గానీ ఎందుకు తినదో నాకు మాత్రం తెలుసా.

ఆ తర్వాత అది ఒక గది సంగతిగా ఉండలేదు. అంతస్తు బాధ్యత చూసే పిల్ల పైవాళ్లకు ఫిర్యాదు చేసింది. మెల్డాకు పేరు పెట్టారు. వంటగదిలో అడుగుపెడితే చాలు, "వేలమ్మ వచ్చింది, గిన్నెలు దాచండర్రా," అని ఒకళ్లు, "దాని వేలు పోలీసులకు పట్టివ్వాలి," అని ఇంకొకళ్లు. మెల్డా కూడా తక్కువది కాదు. "దాచుకోండి, అడుగు మాడు కూడా నాకేసుకోండి, నాకేం మిగల్చొద్దు," అందట. దానికి మా వైపు పిల్లలు ఈలలు వేశారట. తర్వాత మా వైపు వాళ్లు ఒక బల్ల, వాళ్ల వైపు వాళ్లు ఒక బల్ల. చివరికి పైనుంచి మాట వచ్చింది, ఈ వారంలో సర్దుకోకపోతే ఎవరి అంతస్తు వాళ్లకు వేరు చేసేద్దాం, అందరికీ హాయి అని. మెల్డా నాకు ఫోను చేసి, "ఇనీ, మమ్మల్ని ఒక పక్కకు నెట్టేస్తారట. దొడ్లో కట్టేసినట్టు అక్కడుండటం కన్నా ఇంటికొచ్చి మిరియాలు కోసుకుంటాను," అంది. మిరియాలు కోయడం దానికి ఎప్పుడూ ఇష్టం లేదు. చేతులు మండుతాయని చిన్నప్పుడు మంచం కింద దాక్కునేది. మంచం కిందినుంచి కాళ్లు బయటికి కనిపించేవి, ఎవరం చూడనట్టు ఊరుకునేవాళ్లం.

"నెక్, చలేస్తోందా?" హజ్వానీ అడిగింది. నేను ఉలిక్కిపడ్డాను. "ఆ గాలి సూటిగా మీ మీదే పడుతోంది. ఇటు జరగండి, ఇక్కడ పడదు." నెక్ అంటే వాళ్ల భాషలో నానమ్మ. వాళ్ల వైపు యాస గబగబా దొర్లిపోతుంది, సగం ఊహించుకోవాలి. నేను జరిగాను. జరిగితే నా చేతిసంచి కూడా జరిగింది, జరగ్గానే దాంట్లోంచి వాసన లేచింది. పెన్యారాలు. బియ్యప్పిండిలో బెల్లం కలిపి నూనెలో పోసి వేయించాను, అంచులు కరకర, మధ్య మెత్తన, ఆకుల్లో చుట్టి తెచ్చాను మెల్డా కోసం. నేను కూర్చున్నప్పటినుంచీ దాన్ని బెంచీ కిందికి నెడుతున్నాను, మోకాళ్లతో అడ్డం పెడుతున్నాను, ఈ పిల్లకు కనబడకూడదని. పక్కన మనిషి ఉండగా తిండి దాచడం నాకు చేతకాదు. మా అమ్మ బతికుంటే నా జడ పట్టుకు లాగేది. కానీ పెడితే ఈ పిల్ల తినదు. తినకపోతే తాకదు. తాకకపోతే. నాకు తెలిసి తెలిసి ఒక పరాయి తల్లి బిడ్డను అపాయంలో పెట్టడం, ఆ బిడ్డ మీద నాకెంత కోపం ఉన్నా. కోపం ఉందా అని చూసుకున్నాను. ఉంది అనుకునే వచ్చాను. బస్సులో వస్తూ ఏమేం అనాలో వరసగా పేర్చుకున్నాను కూడా, ఇప్పుడు చూస్తే ఆ పిల్ల గోళ్లు కొరుక్కుని కొరుక్కుని చివర్లు ఎర్రబడి ఉన్నాయి.

"నేను ఫిర్యాదు చెయ్యలేదు నెక్," అంది తలుపు వైపే చూస్తూ. "నేను ఏడ్చాను, అంతే. ఏడిస్తే ఎందుకని అడిగారు, చెప్పాను. మిగతాదంతా వాళ్లే చేశారు."

"ఏడవకుండా ఎలా ఉంటావ్లే. మీ అమ్మ చేసింది కదా."

"మా అమ్మకు చెప్పలేదు. అయిపోయిందన్నాను. అప్పుడే అయిపోయిందా, మీ గదిలో ఏనుగుందా అని నవ్వింది."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను, ఆ పిల్లకూ వచ్చింది, ఆపుకోలేదు. నవ్వు అయిపోయాక ముక్కు ఎగబీల్చి, "ఏంటి నెక్, ఇంత మంచి వాసన?" అంది.

అడిగేసింది. వాసన పీల్చి, అడిగాక, పెట్టకపోతే ఇంకా ముప్పు, ఆశపడ్డ మనిషికే తగులుతుంది అది. ఇటు చూస్తే అది, అటు చూస్తే ఇది. నేను సంచి మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాను, అప్పుడు వచ్చాడు మా ఆయన, సాంగౌ, ఎప్పుడూ ఇలాంటప్పుడే వస్తాడు, పిలవకుండా, రబ్బరు చెప్పులు టపటపలాడిస్తూ. ఆ రోజు పొద్దున్నే పొగమంచు, నది ఉబ్బి ఉంది, రేవు మెట్లు సగం మునిగాయి. నేను కాఫీ కలిపి గుమ్మం దగ్గర పెట్టాను. "వస్తా వస్తా, ఇంజను వేశారు, వాళ్లు ఆగరు," అని చొక్కా ఒక చెయ్యి తొడుక్కుంటూ దిగిపోయాడు. "ఒరేయ్ ముసలోడా, తాకి పో," అని నేను అరిచాను. మేమిద్దరం పెళ్లప్పటి నుంచీ అలాగే పిలుచుకునేవాళ్లం, ముసలితనం రాకముందే. అతను పడవలో కూర్చుని, నవ్వుతూ పడవ అంచును అరచేత్తో దబదబా తట్టి, "పుని, పుని, తాకాను చూడు," అన్నాడు. మలుపు దగ్గర కొట్టుకొచ్చిన దుంగ తగిలి పడవ పక్కకు తిరిగింది. మిగతావాళ్లు ఈదుకుని ఒడ్డెక్కారు. పొడుగింటికి పెద్దగా ఉన్నాయన అంతా దుంగ వల్లే అన్నాడు, ప్రార్థన చేసే ఆయన దేవుడు రాసిన ఘడియ అన్నాడు, ముసలాడవాళ్లు ఏమీ అనలేదు. నేనూ ఎవరితో ఏమీ అనలేదు. నిజానికి మా పద్ధతిలో గిన్నె అంచు తాకినా చెల్లుతుంది, ఆకు తాకినా, మూత తాకినా చెల్లుతుంది, ఎక్కడైనా అంతే. కానీ అతను తాకింది పడవను. ఆ రోజు నుంచి మా వాటాలో మాత్రం గిన్నె లెక్కలోకి రాదు, మూత లెక్కలోకి రాదు, పెట్టిన పదార్థాన్నే వేలితో తాకాలి. మెల్డాకు అప్పుడు పాలపళ్లు. అది మరిచిపోయి గడప దాటితే వెనక్కి లాక్కొచ్చి దాని వేలు పట్టుకుని అన్నంలో ముంచేదాన్ని. అది ఏడ్చేది. ముంచేదాన్ని.

"పెన్యారాలమ్మా," అన్నాను. "నీకు పెట్టాలనే ఉంది. కానీ నిజం చెబుతాను. పిండి మంచిదే, నూనె కొత్తదే, మూకుడు మాత్రం మాదే. ఆ మూకుట్లోనే మేం పంది వేయించుకుంటాం."

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. "చెప్పినందుకు థాంక్స్ నెక్," అంది. చేతులు రెండూ ఇంకా దగ్గరగా, ఒళ్లోకి లాక్కుంది. అయింది. పెట్టాను, వద్దంది, తాకలేదు. ఇక ఈ పిల్ల రోడ్డు దాటుతుంది, మెట్లు దిగుతుంది, ఎవడి మోటారుసైకిలో ఎక్కుతుంది. ఆకుల కట్ట నా చేతిలో ఉంది, ఆ పిల్ల జుబ్బా అంచు బెంచీ మీద పరుచుకుని ఉంది. కొంచెం, ఒక్క వేలెడు జరిపితే, ఆకు అంచు ఆ గుడ్డకు తగిలితే చాలు, చూడను కూడా చూడదు, తగిలిందని ఎవరికీ తెలియదు, నాకు తెలిస్తే చాలు. చెయ్యి జరిగింది కూడా. తర్వాత ఆ గుడ్డ చూశాను. ఉతికి, మడతలు పెట్టి ఇస్త్రీ చేసుకున్న గుడ్డ. దాంట్లోనే నిలబడి నమాజు చేసుకుంటుంది, ఇప్పుడు వేళ అయితే ఇప్పుడే చేసుకుంటుంది. చెప్పకుండా తాకించడమే కదా ఇంత దూరం తెచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కట్టను ఒళ్లో పెట్టుకున్నాను. భయం మాత్రం అలాగే ఉంది, ఒక భయాన్ని మింగడం అంటే ఏమిటో ఆ బెంచీ మీదే తెలిసింది, గొంతులో పచ్చి వక్క అడ్డం పడ్డట్టు ఉంటుంది.

అందుకని చెప్పాను. ఇంకేం చెయ్యగలను. సాంగౌ సంగతి, కాఫీ సంగతి, పడవ అంచు తట్టిన సంగతి, మెల్డా వేలు అన్నంలో ముంచిన సంగతి, అన్నీ కాస్త అటూ ఇటూగా చెప్పాను. ఆ పిల్ల వింటూ మధ్యలో ఒకసారి, "ఓరి దేవుడా," అంది. అయిపోయాక నా వైపు పూర్తిగా తిరిగింది. "అంటే అది నా డబ్బాలో వేలు పెట్టింది, చావకుండా ఉండటానికా?" అంది.

"అవును."

"ఆ ముక్క చెప్పొచ్చు కదా! నోట్లో ఏం పెట్టుకుంది? అడిగితే, మా పద్ధతి అంటుంది, అటు తిరిగి పడుకుంటుంది."

"చెబితే నవ్వుతారని."

"నవ్వేదాన్నే," అంది, నిజాయితీగా. ఆగి, "నెక్, బయట తాకితే సరిపోదా? మూత పెట్టి ఉంచి, మూత మీద తాకితే?" అంది.

నేను నోరు తెరిచాను. అంతలో తలుపు తెరిచి బోంగ్ సారు, "హజ్వానీ, నువ్వు కూడా రామ్మా," అన్నారు. ఆ పిల్ల లేచి వెళ్లింది. చేతులు ఊపుకుంటూ వెళ్లింది, ఏదీ తాకని చేతులు.

మళ్లీ తలుపు. మళ్లీ బియ్యం చెరుగుడు. ఈసారి మధ్యలో రాళ్లు కూడా పడుతున్నాయి, మెల్డా గొంతు లేచినప్పుడల్లా. బోంగ్ సారు మనవైపు మనిషే, వాళ్ల నాన్నకు మా ఎంగ్కిలిలి బజారులో కొట్టు ఉండేది, మేం మిరియాలు అక్కడే వేసేవాళ్లం. ఆయనకు పుని ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు, అయినా ఆయన చేతిలో ఏముంది, పైనుంచి వేరు చెయ్యమంటే వేరు చెయ్యాలి. వరండాలో పిల్లలు పోతున్నారు, ఫోన్లు చూసుకుంటూ, ఒకళ్ల మీద ఒకళ్లు పడుతూ. ఒక కుర్రాడు గోడ మీది బొమ్మలో ఉన్నవాడే అనుకుంటాను, అందులో ఈకల టోపీ, ఇప్పుడు మామూలు టీషర్టు, సమోసా తింటున్నాడు. వేరు చేస్తే ఏమవుతుంది. మెల్డా ఇంటికి వస్తుంది, మొదట్లో నాకు బావుంటుంది, ఆ సంగతి దాచడం దేనికి, పక్కన ఊపిరి చప్పుడు ఉంటుంది. తర్వాత చేతులు మండుతాయి దానికి. హజ్వానీ వాళ్ల అంతస్తులో ఉంటుంది, డబ్బా మూత తీసి తన వాళ్లతోనే తింటుంది. ఆ తర్వాత ఏ ఏడు వచ్చే పిల్లలైనా వచ్చీ రాగానే ఎటు పోవాలో చూపిస్తారు, ఇది మీవైపు, అది వాళ్లవైపు అని. అప్పుడు ఎవరి వేలూ ఎవరి గిన్నెలోకీ పోదు. తగువు ఉండదు. ఏమీ ఉండదు.

తలుపు పూర్తిగా తెరుచుకుంది. బోంగ్ సారు గుమ్మంలో నిలబడి మా భాషలోనే, అమ్మా అని పిలిచినట్టు, "ఇందై, లోపలికి వస్తారా, మీతోనే పని పడింది," అన్నారు. లోపల మెల్డా కుర్చీలో గడ్డం గుండెకు ఆనించుకుని కూర్చుంది, హజ్వానీ కూర్చోలేదు.

"ఏం లేదు ఇందై. ఇద్దరూ అదే గదిలో ఉండటానికి దారి దొరికేట్టే ఉంది. ఈ అమ్మాయి డబ్బా మూత పెట్టే ఉంచుతుందట. మీ అమ్మాయి మూత మీద తాకుతుంది. ఈమెకు అభ్యంతరం లేదు."

"నాకుంది," అంది మెల్డా. "మా ఇంట్లో మూత లెక్క కాదు. ఇనీని అడగండి. మూత తాకి పడుకుంటే నాకు నిద్ర పట్టదు, రోడ్డు మీద బస్సు చూస్తే భయమేస్తుంది. డబ్బాలో తాకితే వీళ్లకు పడదు. ఎందుకొచ్చిన గొడవ, నేను వెళ్లిపోతా."

"అయితే నాకు పెట్టకు అని చెప్పొచ్చు కదమ్మా ఈ అమ్మాయితో," అన్నారు సారు.

హజ్వానీ గిర్రున తిరిగింది. "పెట్టకుండా ఎలా తింటాను సార్? ఎదురుగా మనిషి కూర్చుని ఉంటే నేనొక్కదాన్నే మెక్కాలా? మా అమ్మకు తెలిస్తే డబ్బాతోనే కొడుతుంది. నేను పెడతాను. ఇది వద్దనాలి. వద్దని, మూత తాకాలి. తాకి తీరాలి." మెల్డా వైపు వేలు చూపించింది. "వచ్చే వారం పడవ మీద మడ అడవులు చూడటానికి తీసుకెళ్తున్నారు మమ్మల్నందర్నీ. ఇది ఏదీ తాకకుండా ఎక్కిందనుకోండి. మొసలి వచ్చి ఎవరు తాకలేదమ్మా అని అడిగి, దీన్నొక్కదాన్నే తీసుకుపోతుందా? పక్కన కూర్చునేది నేను!"

బోంగ్ సారు ముక్కులోంచి ఒక చప్పుడు చేసి కిటికీ వైపు తిరిగారు. మెల్డా గడ్డం అలాగే ఉంచింది కానీ దాని భుజాలు కదిలాయి. "నీకు ఈత వచ్చా?" అంది, కింద చూస్తూనే.

"రాదు! అందుకే చెబుతున్నా."

అప్పుడు మెల్డా తలెత్తి నన్ను చూసింది. నవ్వు పోయింది దాని మొహంలోంచి. "ఇనీ," అంది. "మూత తాకితే చాలా?"

ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. మా అమ్మ గుర్తొచ్చింది. నా చిన్నతనంలో గుడ్డలు అమ్ముకునే మలయ్ ముస్లిం ఆయన పడవలో వచ్చేవాడు, మా అమ్మ ఆయన కోసమే ఒక కెటిల్ దూలానికి వేలాడదీసి ఉంచేది, ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. నీళ్లు తాగేవాడు, అన్నం పెడితే పళ్లెం అంచును రెండు వేళ్లతో తాకి, నెత్తికి ఆనించుకుని లేచేవాడు. పళ్లెం అంచే. మా అమ్మ ఏమీ అనేది కాదు. ఆయన చాలా కాలం బతికాడు, పళ్లన్నీ ఊడాక కూడా గుడ్డలు అమ్మాడు. అది గుర్తొచ్చింది, అంతకన్నా గట్టిగా అరచేతి చప్పుడు గుర్తొచ్చింది, తడిసిన చెక్క మీద దబదబా. ఒకటి చెల్లింది, ఒకటి చెల్లలేదు. దేనివల్ల ఏది జరిగిందో నాకు ఎవరు చెబుతారు. చాలదు అంటే దీని చెయ్యి పట్టుకుని బయటికి పోవచ్చు, బస్సులో నా పక్కన కూర్చోబెట్టుకోవచ్చు, ప్రతి అన్నంలో దీని వేలు ముంచి, నేను పోయేదాకా దీన్ని ప్రాణాలతో ఉంచుకోవచ్చు. అది నా నోటి దగ్గరే ఉంది. ఎంత చిన్న మాట.

"చాలు," అన్నాను.

"నిజంగానా?"

"మూత తాకితే చాలు. ఎప్పుడూ చాలు. మన వాటాలోనే నేను అలా పెట్టాను. ఇక్కడ చాలు."

మెల్డా నన్ను చాలాసేపు చూసింది, అబద్ధమా అని వెతుక్కుంటూ. దానికి చిన్నప్పటి నుంచీ నా మొహం చదవడం వచ్చు, నాకు అక్షరాలు రాకముందే. నేను కళ్లు తిప్పుకోలేదు. చివరికి లేచి, బయటికి వెళ్లి, బెంచీ దగ్గర ఉన్న సంచిని భుజానికి తగిలించుకుని, హాస్టల్ వైపు వెళ్లే దారి పట్టింది. హజ్వానీ వెనకే పరుగెత్తింది. "ఆగవే, నా కాళ్లు నీ కాళ్లంత పొడుగా?" అనడం వినిపించింది, తర్వాత మెల్డా ఏదో అంది, అది మాత్రం వినిపించలేదు.

నేను ఒక్కదాన్నే బస్సెక్కాను. ఊళ్లు దాటాయి, వంతెన దాటింది, కింద నది బురదరంగులో ఉంది. కిటికీ పక్క మనిషి బిస్కెట్లు పెట్టాడు. వద్దన్నాను. పొట్లం బయట వేలితో తాకి, మెడకు తాకించుకున్నాను, నా మీద నేనే వేసి చూసుకోవాలి కదా ముందు. బస్సు సవ్యంగానే చేరింది. ఒకసారి చేరితే తేలిపోయే సంగతి కాదు ఇది. వచ్చే వారం వాళ్లు పడవ ఎక్కారు, దిగారు, మెల్డా ఫోను చేసింది. ఆ తర్వాత కూడా చేస్తూనే ఉంది, పరీక్షలైనా, తిరగడానికి వెళ్లినా, ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు, కొట్లాడుకుంటూనే ఉన్నారు. అది వెళ్తున్నా అని చెప్పిన ప్రతిసారీ, తిరిగి వచ్చా అని చెప్పేదాకా నేను వసారాలోనే కూర్చుంటాను. మూత తాకితే చాలో చాలదో నాకు తెలియదు. చాలు అన్నాను.

సెనూరి, మంచా కూతుర్ని. గుర్తింపు కార్డులో వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఉంటున్నది ఎంగ్కిలిలి ఎగువన, బెలాయోంగ్ పొడుగిల్లు, రేవు వైపు చివరి వాటా.